ఖాళీ చేస్తున్నారా?

గిర్ర్... గిర్ర్... గిర్ర్...

నీళ్ల డబ్బాలు రెండు చేతులా మోసుకొస్తున్న డెల్విన్ దారిలోనే ఆగిపోయాడు. ఎత్తుగా పెరిగిన జూనిపర్ పొదల అవతలినుంచి వస్తోంది ఆ చప్పుడు. ఎండిన ఇనుము ఎండిన ఇనుమును ఒరుసుకునే చప్పుడు. క్యాంపులో ఎన్ని బండ్లున్నా ఆ గొంతు ఏ బండిదో అతడు చూడకుండానే చెప్పగలడు. అది తమ ట్రైలర్ వెనక ఎడమవైపు కాలిది. నిలిపిన చోట బండి ఊగకుండా నేలకు దించే జాకీ కాలు. గ్రీజు పెట్టమని ఆర్డిత్ చెప్పి చెప్పి, విసిగి, చెప్పడం మానేసిన కాలు.

దించేటప్పుడు ఆ చప్పుడు బరువుగా ఉంటుంది. ఎత్తేటప్పుడు తేలిగ్గా ఉంటుంది.

ఇప్పుడు తేలిగ్గా ఉంది.

అతడు అడుగు వేగం పెంచాడు. డబ్బాలోని నీళ్లు తొణికి పంట్లాం తడిసింది. పొదల మలుపు తిరిగేసరికి కనిపించింది: బయటికి చాపిన పందిరిగుడ్డ చుట్టేసి ఉంది. కుర్చీలు మడిచేసి ఉన్నాయి. ఎర్రటి దుమ్ములో మోకాళ్ల మీద కూర్చుని ఆర్డిత్ జాకీ పిడి తిప్పుతోంది. భోజనాల బల్ల మీద మాత్రం, నడిమధ్యన, తమది కాని పసుపుపచ్చ మడతకుర్చీ ఒకటి ఠీవిగా నిలబడి ఉంది.

"ఏం చేస్తున్నావు?"

"కనిపించడం లేదా? పాడైంది ఒక్క కన్నే కదా, రెండోది బాగానే ఉందన్నాడుగా డాక్టరు."

"ఆర్డిత్, రేపటిదాకా ఉందామనుకున్నాం."

"నువ్వన్నావు. నేను విన్నాను. అనుకున్నది నువ్వొక్కడివే."

"ఆ కుర్చీ ఎవరిది?"

"ఈ చోటు ఎవరిదో వాళ్లది."

డెల్విన్ డబ్బాలు కింద పెట్టాడు.

జూనిపర్ బెంచ్ క్యాంపులో ముందుగా చోటు పట్టిపెట్టుకునే వీలు లేదు. ముందొచ్చినవాడిదే చోటు. అందుకే తెల్లవారితే చాలు, చోటు దొరకని బండ్లు క్యాంపు చుట్టూ నెమ్మదిగా గిరికీలు కొడతాయి. కాఫీ తాగుతున్నవాళ్ల దగ్గర, పళ్లు తోముకుంటున్నవాళ్ల దగ్గర ఆగి, కిటికీలోంచి తల బయటపెట్టి ఒకే మాట అడుగుతారు: "ఖాళీ చేస్తున్నారా?" లేదని జవాబొస్తే చిరునవ్వు నవ్వి ముందుకు సాగుతారు. అవునంటే ఆ అడిగినవాడు దిగి, తన కుర్చీ తెచ్చి ఆ బల్ల మీద పెట్టుకుంటాడు. ఆ క్షణంనుంచి చోటు అతనిది. ఈ నియమం ఏ పలక మీదా రాసిలేదు. అయినా ఎర్రరాళ్ల దేశంలో చక్రాల ఇళ్లు లాక్కుని తిరిగేవాళ్లెవరూ దీన్ని దాటరు.

"నువ్వు అవునన్నావా?"

"అన్నాను. రెండుసార్లు అడిగాడు పాపం. రెండుసార్లూ అవునన్నాను."

డెల్విన్ ఆకాశంకేసి చూశాడు. పొద్దు ఇంకా రాతిగోడ అంచు దాటి పైకి రాలేదు. సాయంత్రానికి కూతురు వస్తుంది. ఈ చోటికే వస్తుంది. ఆ సంగతి ఆర్డిత్‌కు తెలియదు.

పోయిన వారం హాడ్లీ ఊళ్లో పెట్రోలు పోయించుకుంటున్నప్పుడు, ఆర్డిత్ లోపల రొట్టెలు కొంటున్నప్పుడు, ఫోనులో ఆ పిల్ల మాట్లాడింది. ఆరేళ్ల తర్వాత. "అమ్మమ్మ పోయిన రోజు మీరు ఎక్కడున్నారో అక్కడే కూర్చుని మాట్లాడదాం నాన్నా. ఆ చెట్టు కిందే. ఇద్దరూ ఉండాలి. అమ్మ లేకపోతే బండి అక్కడికక్కడే తిప్పేస్తాను. మళ్లీ అడగొద్దు."

అందుకే అతడు ఈ క్యాంపుకు రప్పించాడు. ఇదే చోటు ఖాళీ అయ్యేదాకా ఆర్డిత్ చేత బండి గుండ్రంగా తిప్పించాడు. ఎందుకు అంటే చెట్టునీడ అన్నాడు. ఇక్కడ ఫోనుకు సిగ్నలు లేదు. వచ్చే పిల్ల ఇప్పటికి ఏ కొండల నడుమ ఉందో. ఆమె ఫోనుకూ ఉండదు. చోటు పోయిందని చెప్పే దారి లేదు.

"సార్."

వెనక్కి తిరిగాడు. గడ్డిటోపీ పెట్టుకున్న లావుపాటి మనిషి నిలబడి ఉన్నాడు. అతని వెనక దారంతా ఆక్రమించుకుని, బస్సంత ఇల్లుబండి ఒకటి గుర్రుగుర్రుమంటోంది. దాని ముందు అద్దం వెనక, ఎత్తుమీద, ఒళ్లో బొచ్చుకుక్కను పెట్టుకుని ఒకావిడ కిందికి చూస్తోంది.

"నా పేరు గార్విన్. తొందరేం లేదండీ. మీ పని మీరు కానివ్వండి. మేమిలా పక్కన ఉంటాం."

"చూడండి, గార్విన్‌గారూ, చిన్న పొరపాటు జరిగింది. నా భార్య..."

"జరగలేదు," అంది ఆర్డిత్, జాకీ ఆపకుండానే.

గార్విన్ టోపీ తీసి, నుదురు తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. "సార్, మేం గేటు బయట పార్కింగులో పడుకుంటున్నాం. రోజూ తెల్లారే వచ్చి తిరుగుతున్నాం. అమ్మగారిని అడిగాను. అవునన్నారు. కుర్చీ పెట్టుకున్నాను. ఇంక మీరూ మీరూ తేల్చుకోవాలిగానీ నన్ను మధ్యలో పెట్టకండి."

"ఒక్క రోజు. రేపు పొద్దున్నే వెళ్లిపోతాం."

"నేనూ నిన్న ఒకాయన్ని ఇలాగే ఒక్క రోజు అడిగానండీ. ఆయనేమన్నాడో మీకు చెప్పనా?"

పైనున్నావిడ అద్దం కొంచెం దించింది. "గార్విన్! కుర్చీ తియ్యకు!"

"తీయను, తీయను."

గొంతులు పెరగడంతో వెర్లీన్ వచ్చింది. బడిపంతులమ్మగా రిటైరై, జీతం లేకుండా ఈ క్యాంపును చూసుకునే మనిషి. చిన్న తోటబండి దిగకుండానే, ఇంజన్ ఆపకుండానే, పిల్లల తగవు తీర్చినట్టు అడిగింది.

"ఖాళీ అన్న మాట ఈ చోటువాళ్ల నోటినుంచే వచ్చిందా?"

"వచ్చింది," అంది ఆర్డిత్.

"కుర్చీ పడిందా?"

"పడింది," అన్నాడు గార్విన్.

"మరి నన్నెందుకు మధ్యలోకి లాగుతున్నారు? పదకొండుకు ఖాళీ చేయండి, మిస్టర్ స్ట్రౌడ్," అంది డెల్విన్‌కేసి తిరిగి. "ఇంట్లో మాట ఇంట్లో అనుకుని బయట మాట బయట అనాలి. రెండూ కలిపితే నేనేం చేయను?"

తోటబండి దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది.

*

లోపల ఆర్డిత్ అల్మరాలు మూస్తోంది. కదిలే ఇంట్లో ప్రతి తలుపుకూ గొళ్లెం ఉంటుంది. బయల్దేరే ముందు ఒక్కొక్కటీ పడాలి. పళ్లేలది టప్. మందులది టప్. డెల్విన్ గుమ్మంలో నిలబడ్డాడు. ఆ ఇంట్లో ఇద్దరు పక్కపక్కన నిలబడే వెడల్పు లేదు. కోపమొచ్చినా ఒకరిని ఒకరు రాసుకునే వెళ్లాలి.

"కారణం చెప్పు," అన్నాడు.

"నేనా? కారణం నేను చెప్పాలా?" ఆమె వెనక్కి తిరగలేదు. "ఆ బ్యాటరీ రాత్రికి చచ్చిపోతోంది. సాయంత్రం దాటితే జనరేటర్ వేయనివ్వరు. స్నానం చేసి ఎన్నాళ్లయిందో నా తలకి తెలుసు. హాడ్లీ క్యాంపులో కరెంటుంది, నీళ్ల కుళాయి ఉంది, మురుగుగొట్టం బండి పక్కనే ఉంది. అక్కడ మకాం పెట్టుకుని మనం చూడవచ్చిన ఈ మూడు పార్కులూ చూసుకోలేమా?"

"గంట ప్రయాణం. పోను గంట, రాను గంట. ఇక్కడైతే పొద్దున్నే తలుపు తీసి..."

"తోలేది నేను. నీకెందుకు గంటల లెక్క?"

కన్ను పాడయిననాటినుంచి ట్రైలర్ లాగే పని ఆమెదే. ఎక్కడికి పోవాలో అతడు చెబుతాడు. పోవడం ఆమె చేతిలో ఉంటుంది.

"ఎడారి అంటే ఎడారిలోనే పడుకోవాలి," అన్నాడు చివరికి. తన చెవికే ఆ మాట బోలుగా వినిపించింది.

ఆర్డిత్ చేతిలోని మూత కింద పెట్టి, మొదటిసారిగా అతనివైపు తిరిగింది.

"డెల్. ఇన్ని క్యాంపులుండగా నన్ను ఇక్కడికి తెచ్చావు. తెచ్చి ఇదే చెట్టు కింద, ఇదే గుంటలో పెట్టావు. పొద్దున్నే లేచి ఆ రాతిగోడ చూస్తే నాకేమవుతుందో నీకు తెలియదా? నాకు ఫోను మోగే చోటు కావాలి. కరెంటు లేకపోయినా సరే, నీళ్లు లేకపోయినా సరే. మోగే చోటు కావాలి. అంతే."



ఆరేళ్ల క్రితం ఆర్డిత్ తల్లిని వృద్ధుల ఇంట్లో చేర్చి, ఇల్లు అమ్మి, ఇద్దరూ బండెక్కారు. మొదటి వసంతమే ఈ క్యాంపుకు, ఇదే చెట్టు కిందికి వచ్చారు. ఇక్కడ వాళ్లు రాతి తోరణాల కింద ఫోటోలు దిగుతున్నప్పుడు అక్కడ ముసలావిడ పోయింది. ఫోను చేసి చేసి, దొరకక, ఎదురుచూడడం మానేసి, మనవరాలే మట్టి వేసింది. హాడ్లీ చేరాక ఆర్డిత్ ఫోను ఒక్కసారిగా మోగడం మొదలుపెట్టి, ఆగకుండా మోగింది. అప్పటికి అంతా అయిపోయింది. "కొండలు చూడ్డానికి కన్నతల్లిని వదిలేసిందానివి, నీకోసం ఎంతకని ఆగను?" అంది కూతురు. ఆ రోజునుంచి ఆ ఇంట్లో కూతురి పేరు ఎవరూ పలకలేదు. మొదట కోపంతో పలకలేదు. తర్వాత అలవాటుతో పలకలేదు. ఆ తర్వాత పలకడానికి భయం వేసి పలకలేదు.

"అమ్మాయి వస్తోంది," అన్నాడు డెల్విన్.

టప్ మని పడాల్సిన గొళ్లెం పడలేదు.

"ఎవరమ్మాయి?"

"ఆర్డిత్..."

"ఎవరమ్మాయి అంటున్నాను."

"మనమ్మాయి. ఈ సాయంత్రం. ఇక్కడికే. ఈ చోటు చెప్పాను. ఇద్దరం ఉంటేనే దిగుతానంది. లేకపోతే మళ్లీ రానంది. అందుకే..."

ఆమె చేయి అల్మరా తలుపు మీదే ఉంది.

"అందుకే చెట్టునీడ," అంది.

"చెబితే నువ్వు రావని..."

"అందుకే పార్కులకి దగ్గర. అందుకే ఎడారిలో పడుకోవాలి." ఆమె గొంతు పెరగలేదు, అదే అతన్ని భయపెట్టింది. "నన్ను ఫోను రాని చోటికి తోలుకొచ్చి కట్టేశావు. నాచేతే తోలించి మరీ."

"అడిగితే ఒప్పుకునేదానివా?"

"తెలియదు. అడగలేదుగా నువ్వు."

బయట గార్విన్ బండి ఇంజన్ ఆగింది. ఆ నిశ్శబ్దంలో కుక్క ఒకసారి మొరిగి ఊరుకుంది.

"ఇప్పుడు అడుగుతున్నాను," అన్నాడు డెల్విన్. "చోటు పోతే పోయింది. గేటు దగ్గర దారి పక్కన ఆపుదాం. సాయంత్రందాకా ఆగుదాం. అంతే నేనడిగేది."

"నువ్వాగు. నీ కుర్చీ దించుకో. టోపీ పెట్టుకో, ఎండగా ఉంది. నేను హాడ్లీ పోతున్నాను."

"ఇద్దరూ ఉండాలంది."

"ఒకరే ఉన్నారని చెప్పు. రెండోది చచ్చిపోయిందని చెప్పు. ఆగలేక మట్టి కూడా వేసేశామని చెప్పు. ఆవిడగారికి అర్థమవుతుంది, కొత్తేం కాదుగా."

"నోరు అదుపులో పెట్టుకో!"

"ఎందుకు? ఎవరు వింటారు ఇక్కడ? ఫోను కూడా రాదు."

టప్ మని గొళ్లెం పడింది.

*

బండి తగిలించేటప్పుడు వాళ్లు మాట్లాడుకోలేదు. మాట అవసరం లేదు. అతడు వెనకకు రమ్మన్నట్టు రెండు చేతులూ ఊపాడు. ఆమె ట్రక్కును అడుగడుగుగా వెనక్కి తెచ్చింది. అతడు పిడికిలి బిగించి ఎత్తాడు, ఆమె ఆపింది. ట్రైలర్ మెడ ట్రక్కు కొక్కెం మీద సరిగ్గా కూర్చుంది. అతడు గొలుసులు వేశాడు, ఆమె లైట్లు వెలిగించింది, అతడు తలూపాడు. ఇన్నేళ్ల కాపురంలో ఇంత పొందికగా చేసే పని వాళ్లకు మరొకటి లేదు. దూరంనుంచి చూసేవాళ్లెవరైనా, అన్యోన్యంగా ఉన్నారనుకునేవారు.

గార్విన్ భార్య చూసి అలాగే అనుకుంది కాబోలు, చేయి ఊపింది. ఆర్డిత్ ఊపలేదు.

క్యాంపు వదిలే ప్రతి బండీ గేటు దగ్గర మురుగుగుంట ముందు నిలవాలి. మరుగుదొడ్డి ట్యాంకు అక్కడ ఖాళీ చేసుకోవాలి. అది డెల్విన్ పని. ఆ తర్వాత కుర్చీ దించుకుని, చెట్టు కిందికి నడిచిపోయి, గార్విన్ పక్కన సిగ్గు విడిచి కూర్చోవాలని అనుకున్నాడు. ఒక్కడే ఉన్నానని కూతురికి ఎలా చెప్పాలో ఇంకా అనుకోలేదు.

వరసలో వాళ్ల ముందు రెండు బండ్లు. ఆర్డిత్ స్టీరింగు మీదికి వంగి కూర్చుంది. అతడు పక్కసీట్లో.

"సన్నబడిందా?" అంది ఉన్నట్టుండి, అద్దంలోంచి ముందుకే చూస్తూ.

"ఎవరు?"

అడిగినందుకు తనమీద తనకే కోపం వచ్చినట్టు బండిని అవసరంలేని కుదుపుతో ముందుకు తీసింది.

"గొంతు మాత్రమే విన్నాను," అన్నాడతడు మెల్లగా. "దగ్గుతోంది."

"ఎవరు దగ్గితే నాకేంటి? దిగు. మన వంతు వచ్చింది."

అతడు దిగి, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకున్నాడు. గుంట ట్రైలర్‌కు ఎడమపక్క ఉంది. గేటునుంచి లోపలికి వచ్చే దారి కుడిపక్క. గొట్టం ఒక కొస ట్యాంకుకు బిగించి, రెండో కొస గుంటలో దించాడు. బిగించే కంకణం పన్ను విరిగి చాలాకాలమైంది. చేత్తో అదిమి పట్టుకోవాలి, లేకపోతే ఊడిపోతుంది. ఊడితే గట్టంతా ఏమవుతుందో వెనక వరసలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. అతడు ఒక మోకాలు నేలకు ఆనించి, రెండు చేతులా పట్టుకుని, మోచేత్తో కవాటం లాగాడు. గొట్టం బరువెక్కి, ఒక్కసారి ఒళ్లు విరుచుకుంది.

అప్పుడు తల ఎత్తాడు.

ట్రక్కు ముక్కు అవతల, గేటు దారి మీద, బూడిదరంగు చిన్న కారు వస్తోంది. నెమ్మదిగా వస్తోంది. దుమ్ముకొట్టుకుని ఉంది. ఒక కన్నుతో దూరం సరిగా ఆనదు అతనికి. అయినా నడిపే మనిషి కూర్చున్న తీరు ఆనింది. స్టీరింగు మీదికి వంగి, గడ్డం దాదాపు చేతులకు ఆనించి, దారితో తగువు పెట్టుకున్నట్టు ముందుకు చూస్తూ.

అలా నడిపేవాళ్లను అతడు ఇద్దరినే ఎరుగును. ఒకరు ఇక్కడే, ట్రక్కులో కూర్చుని ఉన్నారు.

సాయంత్రమంది. మధ్యాహ్నం కాకుండానే వచ్చేసింది.

"ఏయ్!" అన్నాడు. "ఏయ్! ఇటు! ఇటు చూడు!"

ఇంజన్ హోరులో ఆ కేక ట్రైలర్ గోడకు తగిలి అక్కడే పడిపోయింది. ఒక చేయి ఎత్తి ఊపబోయాడు, గొట్టం పాములా ఎగిరింది, మళ్లీ అదిమిపట్టాడు. వెనకబండి వాడు హారన్ కొట్టాడు. "ఏమయ్యా, చూసుకో!" కూతురు ఈ ట్రైలర్‌ను ఎన్నడూ చూడలేదు. ఆమె కళ్లు చోట్ల నంబర్ల కోసం లోపలి దారిలో వెతుకుతున్నాయి. ఇంకో రెండు నిమిషాల్లో ఆ చెట్టు కిందికి చేరుతుంది. పసుపుపచ్చ కుర్చీలో గడ్డిటోపీ మనిషి కూర్చుని ఉంటాడు. వాళ్లా, వెళ్లిపోయారమ్మా, అంటాడు.

పిలవాలి. పేరు పెట్టి పిలవాలి. అతడు నోరు తెరిచాడు. ఆర్డిత్ వినేంత దూరంలో ఆ పేరు అనకుండా ఆరేళ్లుగా మూసుకున్న గొంతు, ఇప్పుడు తెరవమంటే తెరుచుకోలేదు. "ఏయ్!" అనే వచ్చింది మళ్లీ.

కారు ట్రక్కుకు ఎదురుగా వచ్చింది. ట్రక్కు లోపల ఆర్డిత్ తల కదలడం తలుపు పక్కనున్న అద్దంలో కనిపించింది. ఆమె చూసింది. చూసిందని అతనికి తెలిసింది. చూసి మళ్లీ ముందుకు తిరిగింది.

కారు ట్రక్కును దాటింది.

డెల్విన్ వంగి ట్రైలర్ కిందినుంచి చూశాడు. ఎర్రదుమ్ములో నాలుగు చక్రాలు మాత్రమే కనిపించాయి. అవి తన ముందునుంచి, తొందరేమీ లేకుండా, దొర్లిపోతున్నాయి. గొట్టం వదిలేద్దామా అనుకున్నాడు. వదిలినా అటుపక్కకు చేరేసరికి అవి మలుపు తిరిగిపోతాయి.

సుయ్ మని అద్దం దిగిన చప్పుడైంది. పక్కసీటు వైపు అద్దం. ఆమె సీటుబెల్టు ఊడదీసుకుని, అటు చివరిదాకా జరిగి, సగం ఒళ్లు బయటికి పెట్టి ఉంటుంది. అంత దగ్గరగా, అంత బయటగా వినిపించింది ఆ గొంతు. అందులో మెత్తదనం ఏమీ లేదు. అడగకుండా గడప దాటిపోతున్న మనిషిని నిలదీసి ఆపే గొంతు అది. తిట్టబోతోందో, రమ్మనబోతోందో డెల్విన్‌కు తెలియలేదు. వెనక హారన్లు ఆగిపోయాయి. దుమ్ములో చక్రాలు ఆగిపోయాయి.

"రొవీనా!"